ఆర్గాన్ వెల్డరూ, జర్మనీ కంపెనీ

జర్మనీలో ఖాళీగా ఉన్న ఉద్యోగానికి మన జగిత్యాల వెల్డరు సరిపోతాడని కంప్యూటరుకి ఎలా తెలుస్తుంది తాతయ్యా అని అడిగారు కదూ! చక్కటి ప్రశ్న. రండర్రా, కూర్చోండి. ఇది చెప్పాలంటే ముందు వెల్డింగు షాపులోకి వెళ్ళాలి.

మన షాపుల్లో ఆర్గాన్ వెల్డింగు అంటారే, పాల డెయిరీల్లో, మందుల ఫ్యాక్టరీల్లో స్టీలు పైపులు అతికేది, అది ఎంత అందమైన పనో చూడండి. టార్చి కొసన సన్నటి టంగ్‌స్టన్ కడ్డీ ఉంటుంది. ఆ కొసకీ, కిందనున్న లోహానికీ మధ్య కరెంటు దూకుతుంది. ఇనుము 1,538 డిగ్రీల దగ్గర కరుగుతుంది. టంగ్‌స్టన్ 3,422 డిగ్రీల దాకా కరగదు. అందుకని కడ్డీ నిలుస్తుంది, కిందనున్న స్టీలు కరిగి అతుక్కుంటుంది. చుట్టూ ఆర్గాన్ వాయువు వదులుతారు. అది దేనితోనూ కలవదు, కాబట్టి ఎర్రగా కరిగిన లోహానికి గాలి తగలనివ్వదు.

ఐటీఐలో ఈ పనినే టిగ్ అంటారు, అందులో ‘టి’ అంటే టంగ్‌స్టన్. ఇంజినీర్ల కాగితాల్లో జీటీఏడబ్ల్యూ అని ఉంటుంది. జర్మన్లకు టంగ్‌స్టన్ అంటే వోల్‌ఫ్రమ్, అందుకని వాళ్ళు విగ్ అంటారు. పని ఒక్కటే, పేర్లు నాలుగు. పాత సాఫ్ట్‌వేరు అక్షరాలు పోల్చి చూసేది. అప్లికేషనులో ఆర్గాన్ అనీ, ప్రకటనలో విగ్ అనీ ఉంటే, ఏళ్ళ తరబడి ఆ పనే చేసినవాణ్ణి కూడా పక్కన పెట్టేసేది.

ఇప్పటి కృత్రిమ మేధ మాటలను అంకెలుగా మార్చుకుంటుంది. 2013లో గూగుల్ పరిశోధకులు వర్డ్‌టువెక్ అనే పద్ధతి తెచ్చాక ఈ దారి బాగా పరుచుకుంది. ఒక్కో మాటకు కొన్ని వందల అంకెలుంటాయి, అవే ఆ మాట చిరునామా. కిరాణా కొట్లో కందిపప్పు పక్కన పెసరపప్పు, సబ్బుల పక్కన షాంపూ సర్దినట్టు, పోలిక ఉన్న మాటలు దగ్గర దగ్గరగా చేరతాయి. ఎవరూ కూర్చుని సర్దక్కర్లేదు. కోట్ల వాక్యాలు చదివి, ఏ మాట ఏయే మాటల మధ్య కనబడుతోందో చూసి యంత్రమే నేర్చుకుంటుంది. ఆర్గాన్ ఉన్న చోటా, విగ్ ఉన్న చోటా టార్చి, పైపు, స్టెయిన్‌లెస్ స్టీలు కనిపిస్తూ ఉంటే, రెండూ ఒకే కోవలోవని దానికి అర్థమవుతుంది. దీనికి తోడు అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రపంచంలోని వృత్తులన్నిటికీ నంబర్లిచ్చింది, వెల్డర్లది 7212. యూరప్ వాళ్ళు ఎస్కో అనే పట్టికలో సుమారు 3,000 వృత్తుల్నీ, 13,000 పైచిలుకు నైపుణ్యాలనీ రాసుకున్నారు. యంత్రం మన అప్లికేషను చదివి వాటికి ముడిపెడుతుంది.

సరే, మాట కలిసింది. మరి వందమంది వెల్డర్లలో ఎవరిని ఏ కంపెనీకి పంపాలి? దీనికి 1962లోనే డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అనే ఇద్దరు గణితజ్ఞులు దారి చూపించారు. ప్రతివాడూ ముందు తనకు బాగా నచ్చిన చోటికి అప్లై చేస్తాడు. కంపెనీ వచ్చినవాళ్ళలో మెరుగైనవాళ్ళని అట్టేపెట్టుకుంటుంది గానీ ఖాయం చెయ్యదు. కాదన్నవాళ్ళు తమ రెండో ఇష్టానికి వెళతారు. అక్కడ వీళ్ళు మెరుగనిపిస్తే ముందువాణ్ణి వదిలేస్తారు. ఇక ఎవరూ కదలక్కర్లేనిదాకా ఇలా సాగుతుంది. చివరికి, ఇచ్చిన జతలు వదిలేసి మనమిద్దరం కలుద్దాం అనుకునేవాళ్ళు ఒక్కరూ మిగలరు. అమెరికాలో కొత్త డాక్టర్లని ఆసుపత్రులకు పంచేది ఈ తరహా లెక్కతోనే. షాప్లీకి 2012లో ఆల్విన్ రాత్‌తో కలిపి అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

జత కుదరడం ఎంత పెద్ద విషయమో ఇంకోటి చెబుతాను. శరణార్థుల్లో ఎవరిని ఏ ఊళ్ళో దింపితే పని దొరుకుతుందో అంచనా కట్టే లెక్కను స్టాన్‌ఫర్డ్, జ్యూరిక్ పరిశోధకులు తయారుచేసి 2018లో ‘సైన్స్’ పత్రికలో రాశారు. అమెరికా, స్విట్జర్లాండ్ పాత రికార్డుల మీద నడిపి చూస్తే, పని దొరికేవాళ్ళు సగటున 40 నుంచి 70 శాతం దాకా పెరిగేవారని తేలింది. అవే ఊళ్ళు, ఆ మనుషులే. జత మార్చారు, అంతే.

అయితే నాకు మనసు కలుక్కుమనే చోటు ఇక్కడే ఉంది. యంత్రం చదివేది కాగితాన్ని, చేతిని కాదు. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్ వెళ్ళినవాళ్ళలో ఎందరో వీసా మీద లేబర్. అక్కడికెళ్ళి వెల్డింగు నేర్చారు, షట్టరింగు నేర్చారు, పైపులైన్లు వేశారు. ఊరికి తిరిగొచ్చాక చూస్తే కాగితం మీద మళ్ళీ లేబరే. ఆ కాగితం ఇస్తే ఎంత తెలివైన యంత్రమైనా హెల్పరు ఉద్యోగమే చూపిస్తుంది. నిన్నటి రికార్డుల్లోని అన్యాయాన్ని కూడా అది పాఠంగానే నేర్చుకుంటుంది. అమెజాన్ తయారుచేసుకున్న ఒక యంత్రం, పాత దరఖాస్తుల్లో మగవాళ్ళే ఎక్కువ ఉండడంతో ఆడవాళ్ళకు మార్కులు తగ్గించిందనీ, దాన్ని మానేశారనీ 2018లో రాయిటర్స్ బయటపెట్టింది.

కాబట్టి చేతిలోని పని కాగితమెక్కాలి. వెల్డర్లకు 6జీ అని ఒక పరీక్ష ఉంది. పైపుని 45 డిగ్రీల వాలులో బిగిస్తారు, తిప్పకూడదు. వెల్డరే వంగి, లేచి, పక్కకు జరిగి చుట్టూ అతకాలి. ఆ తర్వాత ఎక్స్‌రే తీస్తారు. లోపల చిన్న గాలిబుడగ మిగిలినా ఫిల్ము మీద నల్లచుక్కగా పడుతుంది. ఆ ఫిల్ము నెగ్గినవాడి సర్టిఫికెట్టుకు చాలా దేశాల్లో విలువుంటుంది. బడి మెట్లెక్కకుండా పని నేర్చినవాళ్ళ నైపుణ్యాన్ని పరీక్షించి గుర్తించే ఆర్పీఎల్ అనే ఏర్పాటు కేంద్రప్రభుత్వ పథకంలో ఉంది. ఇది మన పల్లెల్లో ఇంకా ఎంతో జోరుగా జరగాలి.

ఉద్యోగం ఇస్తానంటున్న అవతలివాడు నిజాయితీపరుడా కాదా అన్నది కూడా యంత్రానికి వదలకండి. దొంగ ఆఫర్ లెటర్లు రాసేవాడి చేతిలోనూ ఇదే కృత్రిమ మేధ ఉంది. డేటా ఎంట్రీ పనని నమ్మి కంబోడియా వెళ్ళిన మన ఉత్తరాంధ్ర కుర్రాళ్ళు సైబర్ మోసగాళ్ళ చేతిలో చిక్కుకున్న సంగతి 2024లో బయటపడింది. ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో కేంద్రప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైటులో చూసుకోవాలి. అతను తీసుకోదగ్గ ఫీజు జీఎస్టీ కాక 30,000 రూపాయలకు మించకూడదు. విదేశీ ఉద్యోగాలకు పంపడానికి తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓంక్యాప్ అని ప్రభుత్వ సంస్థలే ఉన్నాయి. ముందు వాటి గడప తొక్కమనండి. విజిట్ వీసా మీద ఉద్యోగానికి రమ్మంటే మాత్రం అడుగు కదపొద్దనండి.

నాకు ఆశ కలిగించేది ఇంకోటుంది. ఇంగ్లీషులో బయోడేటా రాయలేని మేస్త్రీ తన పనిని తెలుగులో నోటితో చెబితే, యంత్రం విని, సరైన వృత్తి నంబరు కింద రాసిపెట్టాలి. మన భాషలను యంత్రాలకు నేర్పడానికి కేంద్రప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన భాషిణి లాంటి ప్రయత్నాలు ఆ దిశగా వెళుతున్నాయి. కానీ యంత్రానికి జగిత్యాల మాటా రావాలి, శ్రీకాకుళం మాటా రావాలి, షాపులో వాడే పనిముట్ల పేర్లూ రావాలి. మీలో ఎవరికైనా కాలేజీలో ప్రాజెక్టు కావాలంటే దగ్గర్లోని ఐటీఐకి వెళ్ళండి. ఏ లోహం, ఎంత మందం, ఏ వాలులో అతికారో ఆ వెల్డర్లని వాళ్ళ మాటల్లోనే చెప్పమనండి, వాళ్ళు సరేనంటే రికార్డు చేసుకోండి.