పికప్ ట్రక్కు సస్పెన్షన్ నవీకరణ

పికప్ ట్రక్కు సస్పెన్షన్ నవీకరణ అనగా, చాలాకాలం వాడుకలో ఉండి అరిగిపోయిన స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, బుష్షులు మొదలైన భాగాలను తొలగించి వాటి స్థానంలో సమానమైనవి గానీ, మరికొంత మేలైనవి గానీ అమర్చడం. ఈ వ్యాసం తయారీదారు నిర్ణయించిన ఎత్తులోనే ఉండి, ప్రతిదినం రోడ్డుపై తిరిగే పికప్ వాహనానికి సంబంధించినది. కొండదారులలోను, ఎడారులలోను నడపడం కోసం వాహనం ఎత్తును పెంచే మార్పులు వేరు. ఎత్తు మారని వాహనంలో చేయవలసిన పని నిజానికి కొత్తదనం తేవడం కంటే పోయినదాన్ని తిరిగి రాబట్టడమే. అయితే ఏ భాగం పోయిందో తెలియకుండా మరొక భాగాన్ని మార్చడం వలన డబ్బు వృథా కావడమే గాక, వాహనం మునుపటికంటె ప్రమాదకరంగా తయారయ్యే అవకాశం కూడా ఉంది.

పికప్ వాహనపు చిక్కు

కర్మాగారంలోనే వెనుక తొట్టి అమర్చి అమ్మిన తొలి పికప్‌లలో ప్రసిద్ధమైనది ఫోర్డు సంస్థ 1925లో విడుదల చేసిన మోడల్ టి వాహనం. అది రైతుల కోసం, చిన్న వర్తకుల కోసం ఉద్దేశించినది. కాలక్రమేణా అమెరికాలో పికప్ కుటుంబ వాహనంగా మారింది. ఈనాడు అక్కడ అనేకులు ఖాళీ తొట్టితోనే ఉద్యోగానికి వెళ్ళివస్తారు. కాని వాహనపు వెనుక భాగం మాత్రం బరువు మోయడానికే రూపొందింది. సస్పెన్షన్ చిక్కు అంతా ఇక్కడే ఉన్నది.

ఈ చిక్కును ఒక చిన్న లెక్కతో గ్రహించవచ్చు. స్ప్రింగుపై ఉన్న బరువు వలన అది ఎన్ని సెంటీమీటర్లు కుంగిందో తెలిస్తే, 5ను ఆ సంఖ్య వర్గమూలంతో భాగించగా వాహనం సెకనుకు ఎన్నిసార్లు పైకీ క్రిందికీ ఊగుతుందో సుమారుగా వస్తుంది. ఒక ఊహాత్మక పికప్‌లో వెనుక ఒక్కొక్క స్ప్రింగుపై ఖాళీగా 350 కిలోలు ఉండగా అది 8.6 సెం.మీ. కుంగినదనుకుందాం. అపుడు ఊగిసలాట సెకనుకు 1.7 సార్లు ఉంటుంది. అంతే బరువు సరుకు మరికొంత ఎక్కితే 17.2 సెం.మీ. కుంగి, ఊగిసలాట 1.2 సార్లకు తగ్గుతుంది. మనిషి శరీరానికి హాయినిచ్చేది సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్ల మధ్యనున్న ఊగిసలాట. కనుక ఖాళీ పికప్ వెనుకభాగం కుదపడం లోపం కాదు, దాని స్వభావం. కొత్త షాక్ అబ్జార్బర్లు వేసిన తరువాత కూడా కారు వలె మెత్తగా లేదని నిరాశపడేవారు ఈ సంగతిని గమనించరు.

ఈ కారణంగానే కొందరు తయారీదారులు పట్టీల స్ప్రింగులను వదలి వెనుక కూడా చుట్ట స్ప్రింగులను తెచ్చారు. అమెరికాలో 2009 మోడల్ రామ్ 1500, 2022 మోడల్ టొయోటా టండ్రా ఇందుకు ఉదాహరణలు. అయినప్పటికీ ముందువైపు విడివిడి చక్రాలకు చుట్ట స్ప్రింగులు, వెనుకవైపు ఒకే గట్టి ఇరుసుకు పట్టీల స్ప్రింగులు అనే అమరిక నేటికీ విస్తృతంగా వాడుకలో ఉంది. ఇకపై చెప్పేది ఈ అమరిక గురించే.

ఏ భాగం ఏ పని చేస్తుంది

స్ప్రింగు పని బరువును మోయడం. దాన్ని ఎంత నొక్కితే అంత ఎదురు బలం చూపుతుంది. రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించిన సూత్రం ఇదే. స్ప్రింగు తాను గ్రహించిన శక్తిని పోగొట్టదు, తిరిగి ఇచ్చివేస్తుంది. అందువలన స్ప్రింగు మాత్రమే ఉన్న వాహనం ఒక గతుకు దాటిన తరువాత చాలాసేపు ఊగుతూనే ఉంటుంది.

ఆ ఊగిసలాటను అణచేది షాక్ అబ్జార్బరు. ఇందులో ఒక పిస్టను నూనెలో కదులుతూ, సన్నని రంధ్రాల గుండా నూనెను నెట్టి, కదలికలోని శక్తిని వేడిగా మారుస్తుంది. సాధారణంగా ఇది వాహనపు బరువును మోయదు. షాక్ అబ్జార్బరును మార్చితే కుంగిన వాహనం పైకి లేస్తుందనుకోవడం చాలా సాధారణమైన పొరపాటు.

షాక్ అబ్జార్బర్లలో రెండు రకాలు ప్రధానమైనవి. రెండు గొట్టాల రకంలో లోపలి గొట్టంలో పిస్టను, బయటి గొట్టంలో మిగులు నూనె, దానిపై వాయువు ఉంటాయి. ఇది చవక, మెత్తన. ఎడతెగని గతుకుల దారిలో మాత్రం నూనెలో వాయువు కలిసి నురుగు పట్టి, పట్టు సడలుతుంది. ఒకే గొట్టం ఉన్న రకంలో నూనెకూ అధిక పీడనంలోని నైట్రోజన్ వాయువుకూ మధ్య తేలియాడే పిస్టను ఒకటి అడ్డుగా ఉంటుంది. కాబట్టి నురుగు పట్టదు. గొట్టం గోడ నేరుగా గాలికి తగలడం వలన వేడి కూడా త్వరగా పోతుంది. ఫ్రెంచి ఇంజనీరు క్రిస్టియన్ బూర్సియే ద కార్బొన్ రూపకల్పన చేసిన ఈ రకాన్ని జర్మనీకి చెందిన బిల్‌స్టీన్ సంస్థ 1957 నుండి మెర్సిడెస్-బెంజ్ కార్లకు సరఫరా చేసింది. దీని గొట్టానికి రాయి తగిలి సొట్ట పడితే పిస్టను కదలిక దెబ్బతినడం ఇందులోని బలహీనత.

మూడవది బుష్షులు, బాల్ జాయింట్లు. ఇవి ఇరుసును, చక్రాలను వాటి వాటి స్థానాలలో నిలిపి ఉంచుతాయి. వెలకు చిన్నవైనా, స్టీరింగు తిన్నగా ఉండడం వీటిపైనే ఆధారపడి ఉంది.

అరుగుదల లక్షణాలు

షాక్ అబ్జార్బరు ఒక్కనాటిలో పాడవదు. నెలల తరబడి కొద్దికొద్దిగా బలహీనపడుతుంది గనుక చోదకుడు ఆ తేడాకు తెలియకుండానే అలవాటు పడిపోతాడు. వాహనం మూలను చేతితో నొక్కి వదలి, ఎన్నిసార్లు ఊగిందో చూడడం వాడుకలో ఉన్న పరీక్ష. పికప్ వెనుకభాగం విషయంలో దీనిని నమ్మరాదు. పట్టీల స్ప్రింగులో ఒక పట్టీపై మరొకటి ఒరుసుకోవడం వలన కలిగే ఘర్షణే ఆ నెమ్మది ఊపును ఆపివేస్తుంది. కాబట్టి పూర్తిగా చచ్చిన షాక్ అబ్జార్బరు కూడా ఈ పరీక్షలో నెగ్గుతుంది. అసలు ప్రమాదం వేరొకచోట ఉంది. గతుకుల దారిలో బరువైన ఇరుసు, చక్రాలు సెకనుకు 10 నుండి 15 సార్లు అదురుతాయి. ఆ అదురును అణచే శక్తి లేనప్పుడు టైరు క్షణక్షణం నేలను వదలివేస్తుంది. నేలను తాకని టైరుకు బ్రేకు గాని స్టీరింగు గాని పనిచేయవు. ఖాళీ తొట్టితో మలుపు తిరుగుతూ వరుస గతుకులపైకి వెళ్ళినపుడు వాహనపు వెనుకభాగం ప్రక్కకు జరిగిపోవడం దీని ఫలితమే.

టైరు చుట్టూ అక్కడక్కడా గిన్నె ఆకారంలో గుంటలు పడడం, షాక్ అబ్జార్బరు ఒంటిపై నూనె ధారగా కారిన జాడ నమ్మదగిన గుర్తులు. గొట్టం పైభాగాన పలుచని నూనె పొర మాత్రమే ఉంటే అది లోపం కానక్కరలేదు.

స్ప్రింగుల అరుగుదల మరొక విధమైనది. ఏళ్ళ తరబడి బరువు మోసిన స్ప్రింగు శాశ్వతంగా కుంగిపోతుంది. విశేషమేమంటే, కుంగినప్పటికీ దాని గట్టిదనం దాదాపు మారదు, ఎందుకంటే ఉక్కు స్థితిస్థాపకత అలాగే ఉంటుంది. పోయేది ఎత్తు. ఎత్తు తగ్గడం వలన ఇరుసు పైకి కదలడానికి ఉన్న ఖాళీ తగ్గి, చిన్న గతుకుకే అది రబ్బరు అడ్డుకు కొట్టుకుంటుంది. దీనినే చాలామంది స్ప్రింగు మెత్తబడిందని భావించి, మరింత గట్టి స్ప్రింగు వేయిస్తారు. ఫలితంగా ఖాళీ వాహనం ఎల్లప్పుడూ ఎగిరిపడుతుంది.

విరగడం మాత్రం నిజమైన అపాయం. 2014లో టొయోటా సంస్థ అమెరికాలో 2005-2011 మోడళ్ళకు చెందిన సుమారు 6,90,000 టకోమా పికప్‌లను వెనుక పట్టీల స్ప్రింగుల కోసం వెనక్కి పిలిపించింది. ఒత్తిడి, తుప్పు వలన పట్టీ విరిగి, స్థానం తప్పి, ఇంధన ట్యాంకు వంటి పరిసర భాగాలకు తగలవచ్చునన్నది కారణం. మంచు కరిగించడానికి రోడ్లపై ఉప్పు చల్లే ప్రాంతాలలో పట్టీల అంచులను, షాకిళ్ళను ఏటా పరిశీలించుకోవడం మేలు.

భాగాల ఎంపిక

మొదట సమతల ప్రదేశంలో వాహనాన్ని నిలిపి, ప్రతి చక్రం మధ్యబిందువు నుండి ఫెండరు అంచు వరకు కొలవాలి. కుడి ఎడమల మధ్య తేడాను, తయారీదారు ఇచ్చిన కొలతతో తేడాను చూడాలి. ఎత్తు సరిగా ఉంటే స్ప్రింగులను తాకనవసరం లేదు. తగ్గి ఉంటే అదే గట్టిదనం గల కొత్త స్ప్రింగులు వేయాలి. పాత కట్టకు అదనంగా ఒక పట్టీ చేర్చడం చవకైన మార్గమే గాని, అది ఎత్తుతో పాటు గట్టిదనాన్ని కూడా పెంచుతుంది. నిత్యం బరువు మోసే వాహనానికి అది సబబు. ఖాళీగా తిరిగే వాహనానికి కాదు. అప్పుడప్పుడు మాత్రమే బరువు మోసేవారికి గాలి నింపే సహాయక సంచులు మెరుగు, అవసరం తీరాక గాలి తగ్గించుకోవచ్చు.

షాక్ అబ్జార్బరు ఎంపికలో పొడవు ముఖ్యం. ఎత్తు పెంచిన వాహనాల కోసం చేసిన పొడవైన రకాన్ని మామూలు ఎత్తులో బిగిస్తే, పెద్ద గతుకు వచ్చినపుడు ఇరుసు రబ్బరు అడ్డును చేరకముందే పిస్టను అడుగున కొట్టుకొని షాక్ అబ్జార్బరు పగిలిపోవచ్చు. బిల్‌స్టీన్ సంస్థనే తీసుకొంటే, 4600 శ్రేణి మామూలు ఎత్తు వాహనాలకు, 5100 శ్రేణి ప్రధానంగా ఎత్తు పెంచదలచిన వాహనాలకు ఉద్దేశించినవి. రోజువారీ వాడకానికి మొదటిది చాలును. పేరులో పెద్ద సంఖ్య ఉన్నదే గొప్పదనుకోవడం సరికాదు.

బుష్షుల విషయంలో రబ్బరా, పాలీయురేథేనా అన్న చర్చ ఎప్పుడూ ఉన్నదే. పాలీయురేథేన్ గట్టిది, నూనెకు చెడదు. కాని గ్రీజు లేకపోతే కీచుమంటుంది, రోడ్డు అదురును లోపలికి పంపుతుంది. నిత్యం నడిపే వాహనానికి రబ్బరే నప్పుతుంది. ఇరుసు కొట్టుకొనే రబ్బరు అడ్డులను అందరూ మరచిపోతారు. పాత వాహనాలలో అవి పొడియై రాలిపోయి ఉంటాయి, వాటి వెల స్వల్పం.

అమర్చడంలో జాగ్రత్తలు

ముందువైపు షాక్ అబ్జార్బరు చుట్ట స్ప్రింగు మధ్యలో ఉంటుంది. దానిని విప్పాలంటే స్ప్రింగును నొక్కిపట్టాలి. ప్రతి మిల్లీమీటరుకు 100 న్యూటన్ల గట్టిదనం గల స్ప్రింగును 10 సెం.మీ. నొక్కితే అందులో 500 జౌళ్ళ శక్తి నిలువ ఉంటుంది. ఇది 50 కిలోల బరువు ఒక మీటరు ఎత్తునుండి పడినదానికి సమానం. నొక్కే సాధనం జారితే ప్రాణాపాయం. తగిన యంత్రం లేనివారు ఈ ఒక్క పనిని వర్క్‌షాపులో చేయించుకోవడం, లేదా స్ప్రింగుతో సహా బిగించిన కొత్త జతను కొనడం మంచిది.

రబ్బరు బుష్షులు గుండా పోయే బోల్టులను వాహనం జాకీపై వేలాడుతుండగా గట్టిగా బిగించరాదు. ఈ బుష్షులలో రబ్బరు లోపలి గొట్టానికి అతికి ఉంటుంది. వేలాడుతున్న స్థితిలో బిగిస్తే, వాహనం దించిన తరువాత రబ్బరు ఎప్పుడూ మెలితిరిగిన స్థితిలోనే ఉండి కొద్దికాలానికే చిరిగిపోతుంది. చక్రాలు నేలపై ఆని, బరువంతా పడిన తరువాతనే చివరి బిగింపు చేయాలి. కొత్త భాగాలు వేసిన కొద్ది నెలలకే చప్పుడు వస్తున్నదనే ఫిర్యాదులకు ఈ ఒక్క తప్పు తరచుగా కారణం.

ఇరుసును స్ప్రింగుకు పట్టి ఉంచే యు-బోల్టులు బిగింపులో సాగుతాయి కనుక పాతవి వాడరాదు. కొంతదూరం నడిపిన తరువాత మళ్ళీ బిగించి చూడాలి. రెండు గొట్టాల షాక్ అబ్జార్బరును బిగించే ముందు నిలువుగా పట్టుకొని కొన్నిసార్లు సాగదీసి నొక్కితే లోపలి గాలి తొలగిపోతుంది. ముందు భాగాలు మార్చినపుడు చక్రాల అమరికను సరిచేయించాలి. ఎత్తు మారి ఉంటే హెడ్‌లైట్ల కోణం కూడా చూసుకోవాలి.

భారతదేశంలో

తెలుగు ప్రాంతాల మెకానిక్కులు పట్టీల స్ప్రింగును కమాను కట్ట అంటారు. కుంగిన పట్టీలను కాల్చి, సమ్మెటతో కొట్టి తిరిగి వంచే పని జాతీయ రహదారుల వెంట, ఆటోనగర్లలో కనిపిస్తుంది. వంచిన తరువాత ఉక్కును సరైన వేడిలో చల్లార్చి మళ్ళీ పదును పెట్టకపోతే పట్టీ త్వరలోనే తిరిగి కుంగుతుంది, లేదా పెళుసుబారి విరుగుతుంది. లారీల వారికి ఇది తాత్కాలిక ఉపాయంగా అక్కరకు వస్తున్నది గాని, వేగంగా నడిచే పికప్‌కు కొత్త కట్టయే క్షేమకరం.

ముందు చుట్ట స్ప్రింగులు, వెనుక కమాను కట్టలు కలిగిన ఇసుజు డి-మాక్స్ వి-క్రాస్ పికప్ ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో తయారవుతున్నది. ఈ కర్మాగారం 2016 ఏప్రిల్‌లో ప్రారంభమైంది. ఆనాడు చిత్తూరు జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2022 నుండి తిరుపతి జిల్లాలో ఉంది.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్నవాటికి భిన్నమయ్యే విధంగా యజమాని వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు ఈ నియమాన్ని ఖచ్చితంగా పాటించాలని తీర్పు చెప్పింది. అరిగిన భాగం స్థానంలో అదే కొలత గల భాగం వేయడం ఇటువంటి మార్పు కాదు. అదనపు పట్టీలు వేసినంత మాత్రాన వాహనం చట్టప్రకారం మోయదగిన బరువు పెరగదు. ఆ పరిమితి స్ప్రింగుతో పాటు బ్రేకులు, ఇరుసు, టైర్లు, చట్రం అన్నింటినీ లెక్కలోకి తీసుకొని నిర్ణయించినది. అమెరికాలో దీనిని చోదకుని తలుపు ప్రక్కన అతికించిన చీటీపై, భారతదేశంలో రిజిస్ట్రేషను పత్రంలో చూడవచ్చు.