మీకు తెలుసా? గర్భనిరోధక మాత్ర మొదట వచ్చింది నెలసరి కోసమే!

● గర్భనిరోధక మాత్రకు అమెరికాలో దొరికిన తొలి అనుమతి పిల్లలు పుట్టకుండా ఆపడానికి కాదు. 1957లో 'ఎనోవిడ్' అనే మాత్రను అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నెలసరి ఇబ్బందుల చికిత్సకు అనుమతించింది. అది వాడుతున్నంత కాలం అండం విడుదల కాదని లేబుల్ మీదే హెచ్చరిక ఉండేది. గర్భనిరోధానికి అనుమతి 1960లో గానీ రాలేదు.

● ఆనాటి మాత్రకూ నేటి మాత్రకూ చాలా తేడా. తొలి ఎనోవిడ్‌లో ఈస్ట్రోజెన్ 150 మైక్రోగ్రాములు. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్‌లో 30 మాత్రమే. రక్తం గడ్డకట్టే ముప్పు మునుపటికన్నా తగ్గిందంటే ముఖ్య కారణం ఇదే.

● మాలా-ఎన్ అట్టలో 28 మాత్రలుంటాయి. 21 తెల్లవి, వాటిలో హార్మోన్లుంటాయి. ముదురు రంగులో ఉండే ఏడూ ఐరన్ మాత్రలు. నెలసరి వచ్చేది వాటిని వేసుకునే రోజుల్లోనే కాబట్టి, పోయే ఇనుము కొంత తిరిగి అందుతుంది. రోజూ మాత్ర వేసుకునే అలవాటూ తప్పిపోదు. అందుకే వాటిని పారేయొద్దు. తెల్ల మాత్ర ఒకటి మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, మిగతావి మామూలు వేళకే కొనసాగించాలి.

● నెలనెలా గర్భసంచి లోపలి పొర మందంగా పెరిగి, ఊడి, రక్తంతో పాటు బయటికి వస్తుంది. మాత్రలోని హార్మోన్లు ఆ పొరను పలుచగా ఉంచుతాయి. ఊడేదే తక్కువైతే పోయే రక్తమూ తక్కువే. చాలామందిలో రక్తస్రావం సగం దాకా తగ్గుతుంది, కడుపునొప్పీ నెమ్మదిస్తుంది.

● హార్మోన్ లేని మాత్ర మన దేశంలోనే తయారైంది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ రూపొందించిన ఈ మందు 1991లో 'సహేలి' పేరుతో మార్కెట్లోకి వచ్చింది. ఇప్పుడు ప్రభుత్వం 'ఛాయా' పేరుతో ఉచితంగా ఇస్తోంది. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి చాలు. ఇదే మందును ఎక్కువ మోతాదులో అధిక రక్తస్రావానికీ రాస్తారు.

● గంట, రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోతున్నా, పెద్ద గడ్డలు పడుతున్నా, ఏడు రోజులు దాటినా అది 'ఆడవాళ్లకు మామూలే' కాదు, చికిత్స చేయించుకోవాల్సిన సమస్య. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 15-49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. అసలే తక్కువగా ఉన్న రక్తాన్ని నెలనెలా ఇలా పోగొట్టుకోకూడదు.

● హార్మోన్ మాత్రలు అందరికీ పడవు. బీపీ ఎక్కువున్నవారు, కాళ్లలో రక్తం గడ్డకట్టినవారు, కళ్ల ముందు మెరుపులతో మైగ్రేన్ వచ్చేవారు, 35 దాటి పొగతాగేవారు, రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, పాలిచ్చే కొత్త తల్లులు డాక్టర్‌తో మాట్లాడకుండా మొదలుపెట్టకూడదు.

● గర్భసంచి తీయించుకోవడంలో తెలుగు రాష్ట్రాలదే ముందు వరస. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో దేశమంతటా సుమారు 3 శాతం మందికి ఈ ఆపరేషన్ జరగగా, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో 8 శాతం మందికి జరిగింది. ఎక్కువమంది చెప్పిన కారణం అధిక రక్తస్రావమే! కొందరికి ఆపరేషన్ తప్పదు, నిజమే. కానీ 'పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకా సంచి' అన్న మాటకు లొంగి సంతకం పెట్టకండి. స్కానింగ్, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకుని, మందులతో తగ్గుతుందా అని డాక్టర్‌ని అడగండి. ఆ జవాబు వినే హక్కు మీకుంది.