పాటలో గుట్ట

మౌలాలిలో ఉన్నవాళ్లకు గుట్ట సంగతి చెప్పాలా? గుట్ట మీద దర్గా ఉంది. కుతుబ్‌షాహీ రాజుల కాలం నుంచి జనం మెట్లెక్కి పోతున్నారు. దూరం నుంచి చూసినా గుట్ట కనబడుతుంది. ఎందుకని? చుట్టూ నేల పల్లంగా ఉంది కాబట్టి.

ఒక మాట అనుకుందాం. ఎవరో లారీలతో మట్టి తెచ్చారు. చుట్టూ ఉన్న నేలనంతా గుట్ట ఎత్తుకు నింపేశారు. అప్పుడు గుట్ట ఉంటుందా? గుట్టను ఎవరూ తవ్వలేదు. ఎత్తూ తగ్గలేదు. అయినా గుట్ట కనబడదు.

పాటకు కూడా ఇలాగే జరుగుతుంది. ఎలాగో చూద్దాం.

ఇంట్లో తగాదా

గుట్ట కింద ఒక ఇల్లు అనుకోండి. తెల్లారింది. అమ్మ సుప్రభాతం పెట్టి పొయ్యి ముట్టించింది. సుప్రభాతం అయిపోయింది. కొడుకు వచ్చి కొత్త సినిమా పాట పెట్టాడు. ఇల్లు అదిరిపోయింది. నానమ్మ చెవులు మూసుకుంది.

"జర సౌండు తగ్గియ్యి బిడ్డా!"

"నేను బటన్ ముట్టనే లేదు నానమ్మా!"

ఇద్దరిలో ఎవరిది అబద్ధం? ఎవరిదీ కాదు. కొడుకు నిజంగానే బటన్ ముట్టలేదు. నానమ్మకు నిజంగానే చెవులు గింగురుమన్నాయి. తేడా బటన్‌లో లేదు. పాట తయారైన తీరులో ఉంది.

మెల్లన, గట్టిన

మీరు బిడ్డకు జోల పాడతారు. గొంతు ఎంత మెల్లగా ఉంటుంది! అదే బిడ్డ రోడ్డు మీదికి ఉరికితే కేక వేస్తారు. ఆ కేకకు బిడ్డ ఆగిపోతుంది. రోజంతా కేకలే వేస్తే బిడ్డ ఆగుతుందా? ఆగదు. మెల్లని మాట ఉంటేనే గట్టి మాటకు విలువ.

పాటలో కూడా మెల్లని చోట్లు ఉంటాయి. గట్టి చోట్లు ఉంటాయి. ఈ రెండిటి మధ్య ఉన్న తేడాను ఇంగ్లీషులో డైనమిక్ రేంజ్ అంటారు. మనం ఎత్తుపల్లాలు అందాం.

చివరి పని

పాట మన ఇంటికి రావాలంటే చాలా పనులు జరగాలి. పాడేవాళ్లు పాడతారు. వాయించేవాళ్లు వాయిస్తారు. అన్నిటినీ కలుపుతారు. ఆఖరున ఒక పని ఉంటుంది. దాని పేరు మాస్టరింగ్. పాట మొత్తం ఎంత గట్టిగా ఉండాలో అక్కడే తేలుతుంది.

రికార్డింగుకు ఒక పైకప్పు ఉంటుంది. శబ్దం దాన్ని దాటి పోలేదు. మరి పాటను ఇంకా గట్టిగా చేయాలంటే ఎలా?

ఒక గదిలో పొడుగువాళ్లు, పొట్టివాళ్లు నిలబడ్డారనుకోండి. పొడుగువాళ్ల తల పైకప్పుకు తగులుతోంది. ఇప్పుడు నేలను ఎత్తు చేస్తే ఏమవుతుంది? పొట్టివాళ్లు పైకి వస్తారు. పొడుగువాళ్లు మెడ వంచాలి. చివరికి అందరి తలలూ ఒకే వరసలో ఉంటాయి.

మాస్టరింగ్‌లో చేసేదీ ఇదే. గట్టి శబ్దాలను అణుస్తారు. తర్వాత పాట మొత్తాన్నీ పైకి లేపుతారు. మెల్లని చోట్లు కూడా గట్టిగా అవుతాయి. డప్పు మీద పడ్డ దెబ్బ మొద్దుబారుతుంది. మరీ ఎక్కువ చేస్తే గొంతు పగిలినట్టు వినబడుతుంది.

కొంచెం అణచడం తప్పు కాదు. వంటింట్లో కుక్కర్ కూస్తుంది. బయట రైలు కూస్తుంది. ఆ సందడిలో మరీ మెల్లని పాట వినబడదు. ఉప్పు కూడా అంతే. కొంచెం వేస్తే రుచి. చారెడు పోస్తే కూర పాడు.

పోటీ ఎందుకు వచ్చింది?

కూరగాయల బండివాళ్లను చూడండి. ఒకరు అరుస్తారు. పక్కవాళ్లు ఇంకా గట్టిగా అరుస్తారు. చివరికి ఎవరి మాటా వినబడదు. పాటలవాళ్లకూ ఇదే పోటీ వచ్చింది. రెండు పాటలు వరసగా వింటే, కొంచెం గట్టిగా ఉన్నదే బాగుందని మన చెవికి తోస్తుంది. అందుకే ఎవరి పాటను వాళ్లు పెంచుకుంటూ పోయారు.

ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం 1963లో ఎల్పీ రికార్డుగా వచ్చింది. ఆ రికార్డుల మీద సన్నని గాడి ఉంటుంది. ముల్లు ఆ గాడిలో నడుస్తుంది. శబ్దం మరీ పెంచితే గాడి వెడల్పవుతుంది. రికార్డులో పాటలకు చోటు తగ్గుతుంది. ముల్లు ఎగిరిపోవచ్చు కూడా. అందుకే ఒక హద్దు ఉండేది.

1982లో సీడీలు వచ్చాయి. ముల్లు పోయింది. గాడి భయం పోయింది. 1990ల నుంచి కంప్యూటర్లతో శబ్దాన్ని అణచి లేపడం సులువైంది. పోటీ ముదిరింది. 2008లో అమెరికాలో మెటాలికా అనే బృందం ఒక ఆల్బమ్ తెచ్చింది. అది మరీ గట్టిగా ఉంది, శబ్దం పగిలిపోతోంది అని వేలమంది అభిమానులే మొర పెట్టుకున్నారు.

ఇప్పుడు కొంత మార్పు వచ్చింది. ఫోన్లో పాటలు వినిపించే పెద్ద కంపెనీలు చాలావరకు పాటలన్నిటినీ ఒకే మట్టానికి తెస్తున్నాయి. గట్టి పాటను వాళ్లే తగ్గిస్తారు. అక్కడ అరిచినవాళ్లకు లాభం లేదు.

మన చెవుల మాట

శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. మామూలుగా మాట్లాడుకుంటే సుమారు 60 ఉంటుంది. 10 పెరిగితే చెవికి రెండింతలు అయినట్టు తోస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక లెక్క చెప్పింది. పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినవచ్చు. 90 అయితే వారానికి 4 గంటలే. శబ్దం పెరిగితే గంటలు తరిగిపోతాయి.

ఎత్తుపల్లాలు ఉన్న పాటలో చెవికి మధ్య మధ్య కాస్త ఊపిరి దొరుకుతుంది. ఎడతెగకుండా గట్టిగా ఉన్న పాటలో అది ఉండదు. చెవి లోపల సన్నని వెంట్రుకల వంటి కణాలు ఉంటాయి. పెద్ద శబ్దానికి అవి చచ్చిపోతే మళ్లీ మొలవవు. పోయిన వినికిడి తిరిగి రాదు. పిల్లలు చెవుల్లో పెట్టుకుని గంటల కొద్దీ వింటున్నారు. వాళ్లకు ఈ మాట మనమే చెప్పాలి.

చట్టం కూడా ఉంది. 2000లో శబ్ద కాలుష్య నియమాలు వచ్చాయి. ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. మైకు పెట్టాలంటే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట మైకు పెట్టకూడదు. పండుగల కోసం కొన్ని రోజులు మాత్రమే ప్రభుత్వం 12 దాకా సడలింపు ఇవ్వవచ్చు.

చేసి చూడండి

ఒక పాత పాట పెట్టండి. బటన్ ముట్టకుండా ఒక కొత్త పాట పెట్టండి. ఏది గట్టిగా ఉంది? ఇప్పుడు కొత్త పాటను తగ్గించి, రెండూ ఒకే మట్టంలో వినండి. ఏ పాటలో మెల్లని చోట్లు ఉన్నాయి? డప్పు దెబ్బ ఎక్కడ బాగా తగిలింది? ఇంట్లో అందరినీ అడగండి.

పాటను తయారుచేసేది ఎవరో కావచ్చు. మన ఇంట్లో బటన్ మాత్రం మన చేతిలోనే ఉంది. నానమ్మ మాట విని ఒక మెట్టు దించండి. పక్కింటి పసిబిడ్డ కూడా నిద్రపోతుంది.