ఫోనులోని ఫొటోలు లైనక్సు కంప్యూటరులోకి

ఫోనును లైనక్సు కంప్యూటరుకు కలిపితే ఛార్జి అవుతున్నది గాని ఫొటోలు కనిపించవేమని సహోద్యోగులు, వారి గృహిణులు మమ్మల్ని తరచుగా అడుగుతుంటారు.

మేము ముందుగా అనుమానించేది కేబులునే. యు.ఎస్‌.బి. 2.0 కేబులులో విద్యుత్తుకు రెండు, సమాచారానికి రెండు తీగలుంటాయి. చౌకరకపు ఛార్జింగు కేబుళ్ళు కొన్నింటిలో రెండవ జతే ఉండదు. కేబులు సవ్యమైనదైతే, ఫోను లాక్ తీసి, తెరపై వచ్చే సూచనలో ఫైల్ ట్రాన్స్‌ఫర్‌ను ఎంచుకోవలెను.

పూర్వం ఆండ్రాయిడ్ ఫోను పెన్‌డ్రైవు వలె కనిపించేది. అప్పుడు నిల్వ యావత్తూ కంప్యూటరు అధీనమై, ఫోనుకే అందకుండా పోయేది. 2011లో వెలువడిన ఆండ్రాయిడ్ 3.0తో ఎం.టి.పి. పద్ధతి ప్రవేశించింది. ఇందులో ఫోను మన రికార్డు గది గుమాస్తా వంటిది: ఎవరినీ లోనికి రానీయదు, అడిగిన ఫైలును తెచ్చి ఇస్తుంది. జాప్యం కూడా అటువంటిదే! లైనక్సు పక్షాన ఈ సంభాషణ నెరపేది లిబ్‌ఎంటిపి.

ఫైళ్ళను కట్ చేయక కాపీ చేసి, తెరిచి చూసిన పిదపనే ఫోనులో తొలగించవలెను. తెర పగిలి లాక్ తీయ వీలుకాని ఫోను నుండి మనుమరాలి తొలి అడుగుల వీడియో ఈ మార్గాన రాదు.

కేబులు వద్దనుకొంటే కెడిఈ కనెక్ట్ ఉన్నది. రెండు పరికరాలూ ఒకే వైఫైలో ఉండి, ఫైర్‌వాల్‌లో 1714 నుండి 1764 వరకు పోర్టులు తెరచి ఉండాలి. కార్యాలయంలో వాటిని తెరవరు, ఇంటివద్దనే ప్రయత్నించగలరు.