సంతోషమును ఎన్నుకొందాం, కన్నీటిని దాచకుండా



కొంతకాలం క్రితం దుబ్బాక వైపు నుండి ఒక తల్లి మా ఓ.పి.కి వచ్చింది. బీడీలు చుట్టి ఇల్లు నడుపుకొనే మనిషి. తలనొప్పి, నిద్ర లేదు, అన్నం సయించడం లేదు. బి.పి., షుగరు చూస్తే బాగానే ఉన్నాయి. చేయి పట్టుకొని "ఏమైందమ్మా?" అని అడిగాను. చాలాసేపటికి మెల్లగా అన్నది: "సిస్టరమ్మా, మా ఆయన పోయి ఆరు నెలలాయె. ప్రార్థన చేసుకునేటోళ్ళు ఏడ్వొద్దంటరు. విశ్వాసం లేదనుకుంటరని ఎవ్వరికీ చెప్పలే."

మరి క్రైస్తవునికి సంతోషం అంటే ఎప్పుడూ నవ్వుతూ కనబడడమేనా?

పౌలు బంధకాలలో ఉండి ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక చూడండి. ఈ 4 అధ్యాయాల చిన్న పత్రికలో సంతోషం, ఆనందం అనే మాటలు 10 సార్లకు పైగా వస్తాయి. అయితే అదే పత్రిక 2వ అధ్యాయంలో, జబ్బుపడి చావుకు దగ్గరైన ఎపఫ్రొదితును పోగొట్టుకొని ఉంటే తన దుఃఖం ఇంకా పెరిగేదని కూడా దాచకుండా వ్రాశాడు. అంటే సంతోషం, దుఃఖం ఒకే హృదయంలో ఉండగలవు. సంతోషం అంటే బాధ లేకపోవడం కాదు. బాధలో కూడా దేవుడు నన్ను విడువలేదని నమ్మి, ప్రతి ఉదయం ఆ వైపుకు తిరగడం.

ఏలీయా ప్రవక్త అలసిపోయి చావు కోరుకున్నాడు. దేవుడు అతనిని గద్దించలేదు. దూత ద్వారా రొట్టె, నీళ్ళు ఇచ్చి, నిద్రపోనిచ్చాడు. ముందు శరీరాన్ని ఆదరించాడు.

మన పక్కనున్న మెదక్ చర్చి కూడా ఇదే చెబుతుంది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆ దేవాలయాన్ని రెవరెండ్ పాస్నెట్ దొరగారు కట్టించారు. కరువు కాలంలో ఆ పని ఎందరికో తిండి పెట్టిందని మన పెద్దలు చెబుతారు. ఆకలిగా ఉన్నవారికి "సంతోషించండి" అని ఊరక చెప్పి పంపలేదు.

మనం ఏమి చేయవచ్చు?

1. పడుకొనే ముందు ఆ రోజు జరిగిన ఒక మేలును పేరుపెట్టి చెప్పుకొని దేవునికి స్తుతి చెల్లించండి.

2. వేళకు తినండి, నిద్రపోండి, కొంచెంసేపు నడవండి.

3. మీ బాధను నమ్మకమైన ఒక్కరికైనా చెప్పండి. ఏడ్చేవారి పక్కన కూర్చోండి, ఏడవవద్దని ఆపకండి.

దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి తప్పడం 2 వారాలకు మించి ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. ఇది విశ్వాసలోపం కాదు, జబ్బు. షుగరుకు మందు వాడినట్లే దీనికీ వాడాలి. మందు గుణం కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో మానరాదు. చనిపోవాలనే ఆలోచన వస్తే ఒక్కరోజు కూడా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి రండి, లేదా 14416 టెలి మానస్‌కు ఫోన్ చేయండి. ఇది ప్రభుత్వం 2022లో ప్రారంభించిన ఉచిత సేవ, తెలుగులో మాట్లాడవచ్చు. అలాంటివారు ఇంట్లో ఉంటే ఒంటరిగా వదలకండి. పురుగుల మందు డబ్బాలు అందుబాటులో ఉంచకండి.

ఆ తల్లి డాక్టరు గారికి చూపించుకొని మందులు వాడుతున్నది. ఇప్పుడు నిద్ర పడుతోంది. ఆదివారం ఆరాధనలో ఒక్కోసారి ఇంకా ఏడుస్తుంది. కన్నీళ్ళు తుడుచుకొని మళ్ళీ పాట అందుకుంటుంది. సంతోషమును ఎన్నుకోవడం అంటే అదే.

ప్రభువు మీకు తోడై యుండును గాక.