మాట ఆగకుండా కాచే 'స్విచ్'
పట్నంలో జోడు యంత్రాలు. పల్లెకు మాత్రం ఒంటి దారి

జగిత్యాల: ఈ ప్రాంతంలో ఫోను విలాస వస్తువు కాదు. జగిత్యాల, కోరుట్ల చుట్టుపక్కల పల్లెల్లో దుబాయి, మస్కట్, సౌదీలకు పోయిన కొడుకో, భర్తో లేని వాడకట్టు అరుదు. సిరిసిల్ల సాంచాలకు నూలు బేరమైనా, బట్ట బేరమైనా ఫోను మీదనే కుదురుతుంది. ఒకనాడు ట్రంకు కాల్ బుక్ చేసి గంటల తరబడి కాచుకున్న జనమే, ఇప్పుడు గంటసేపు సిగ్నల్ లేకపోతే కంగారు పడిపోతున్నారు. ఆ కంగారు రాకుండా తెర వెనుక పనిచేసే యంత్రం పేరు 'స్విచ్'.

ఇది గోడమీది మీట కాదు. ఊళ్లోని టవర్ మన మాటను అందుకుని స్విచ్‌కు చేరవేస్తుంది. అవతలి ఫోను ఏ టవర్ కింద ఉందో వెతికి రెండు కొసలనూ కలిపేది, లెక్క రాసేది స్విచ్. టవర్ పడిపోతే నాలుగు ఊళ్లకు ఇబ్బంది. స్విచ్ పడిపోతే జిల్లాలకు జిల్లాలే మూగబోతాయి.

కాడికి జోడెడ్లు

అందుకే స్విచ్‌లో ముఖ్యమైన ప్రతి భాగమూ జంటగా ఉంటుంది. ఒకటి పని చేస్తుంటే రెండోది అదే లెక్కను దగ్గర ఉంచుకుని సిద్ధంగా నిలుస్తుంది. మొదటిది మొరాయించగానే రెండోది కాడి అందుకుంటుంది. చెడిన కార్డును యంత్రం ఆపకుండానే ఊడదీసి కొత్తది పెట్టవచ్చు. కరెంటు పోతే 48 వోల్టుల బ్యాటరీలు, ఆ తరువాత జనరేటరు ఆదుకుంటాయి. లోపల ఒక కావలి గడియారం కూడా ఉంటుంది. ప్రోగ్రాము వేళకు దానికి హాజరు పలకకపోతే, అది చిక్కుబడిందని గ్రహించి మళ్లీ మొదటి నుంచి నడిపిస్తుంది.

దూరాన ఒక గదిలో కూర్చున్న సిబ్బంది తెరమీద వీటన్నిటినీ చూస్తుంటారు. లోపాలు క్రిటికల్, మేజర్, మైనర్ అని తరగతులుగా కనిపిస్తాయి. ఎవరు ఏ మార్పు చేసిందీ నమోదవుతుంది. వరదో, తుపానో వచ్చి అందరూ ఒక్కసారే ఫోను చేస్తే, స్విచ్ కొన్ని కొత్త కాల్స్‌ను ఆపి, నడుస్తున్నవి తెగిపోకుండా చూస్తుంది.

ఈ రంగంలో తరచు చెప్పే కొలత 99.999 శాతం. అంటే ఏడాది మొత్తంలో ఆగిపోయేది సుమారు 5 నిమిషాలు మాత్రమే. మన దేశంలో 1984లో ఏర్పడిన సీ-డాట్ సంస్థ పల్లెల దుమ్ముకు, ఎండకు తట్టుకుని, ఏసీ అక్కరలేకుండా పనిచేసే చిన్న ఎక్స్ఛేంజిని తయారు చేసింది. దానిని మొదట 1986లో కర్ణాటకలోని కిట్టూరులో నెలకొల్పారు.

జోడు ఉన్నా గండమే

అయితే జంట యంత్రం ఉంటే చాలదని 1990 జనవరి 15న అమెరికాలో రుజువైంది. న్యూయార్క్‌లోని ఒక స్విచ్ చిన్న లోపం సవరించుకుని, 'నేను కోలుకున్నాను' అని పొరుగు స్విచ్‌లకు కబురు పంపింది. ఆ కబురును అందుకునే ప్రోగ్రాములో తప్పు ఉండటంతో అవి కూలాయి. అవి కోలుకుని పంపిన కబుర్లతో ఇంకొన్ని కూలాయి. ఏటీ అండ్ టీ సంస్థకు చెందిన 114 స్విచ్‌లలో అదే ప్రోగ్రాము, అదే తప్పు. దూరప్రాంత ఫోన్లు సుమారు 9 గంటలు అస్తవ్యస్తమయ్యాయి. ఒకే రోగం రెండు ఎడ్లకూ ఉంటే కాడి కదలదు గదా!

పల్లె దాకా రాని జాగ్రత్త

మన పల్లెల కష్టం వేరు. స్విచ్ దగ్గర ఉన్న జోడు ఏర్పాటు టవర్ దాకా రావడం తక్కువ. ఒకే కేబులు, ఒకే వరుస బ్యాటరీలు ఉన్న చోట రోడ్డు పనికి వచ్చిన పొక్లెయిన్ కేబులును తెంపినా, పాతబడిన బ్యాటరీలు కరెంటు పోగానే చేతులెత్తేసినా, స్విచ్ ఎంత గట్టిదైతే మాత్రం ఏం లాభం?

ఒక జిల్లాలో సేవలు 24 గంటలకు మించి నిలిచిపోతే వినియోగదారులకు అద్దె తగ్గింపో, గడువు పెంపో ఇవ్వాలని ట్రాయ్ 2024లో నిబంధన చేసింది. 2016లో జగిత్యాల, సిరిసిల్ల జిల్లా కేంద్రాలయ్యాయి గనుక ఈ లెక్క మనకు దగ్గరైంది. కాని ఒక్క ఊరు మూగబోతే అది జిల్లా లెక్కలోకి రాదు.

కనుక టవర్లకు రెండో దారిలో కేబులు వేయడం, బ్యాటరీలను వేళకు పరీక్షించడం కంపెనీల బాధ్యత. తవ్వేముందు కేబులు యజమానులకు తెలియజేసేందుకు కేంద్రం 2023లో ఒక యాప్ ప్రారంభించింది. కాంట్రాక్టర్లు దాన్ని వాడేలా చూడవలసింది అధికారులు. ఎడారి దేశం నుంచి వచ్చే మాట వేల మైళ్లు దాటి వచ్చి, ఊరి పొలిమేరలో తెగిపోకూడదు.