బిల్లసర్గం గుహలు: బేతంచెర్ల కొండల్లో ఖడ్గమృగాల ఎముకలు.. 2 లక్షల ఏళ్ల రహస్యం ఇదే!

గుహలు అనగానే మనకు బొర్రా, బెలుం గుర్తొస్తాయి. కానీ శాస్త్రవేత్తలకు మాత్రం నంద్యాల జిల్లా బేతంచెర్ల దగ్గరున్న బిల్లసర్గం గుహలు ఎంతో ప్రత్యేకం. ఎందుకంటే ఇక్కడి మట్టి పొరల్లో వేల ఏళ్ల నాటి జంతువుల శిలాజాలు దొరికాయి.

1844లో న్యూబోల్డ్ అనే బ్రిటిష్ అధికారి ఈ ఎముకల గురించి మొదటిసారి రాశారు. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ ఇక్కడ తవ్వకాలు జరిపారు. అందులో ఖడ్గమృగం ఎముకలు కూడా బయటపడ్డాయి. అవును, ఖడ్గమృగాలు ఒకప్పుడు మన రాయలసీమలోనూ తిరిగేవి!

ఎముకలు ఎలా మిగిలాయి?

ఇవి సున్నపురాయి కొండలు. వాన నీటికి రాయి మెల్లగా కరిగి గుహలు ఏర్పడ్డాయి. హైనాలు, ముళ్లపందుల లాంటివి ఎముకలను గుహల్లోకి లాక్కొస్తాయి. వాటిపై మట్టి పొరలు పొరలుగా పేరుకుంటుంది. అడుగు పొర పాతది, పైపొర కొత్తది. సున్నం వల్ల ఎముకలు కుళ్లిపోకుండా నిలుస్తాయి.

అసలు విషయం ఏంటంటే..

2014లో వచ్చిన ఓ అంతర్జాతీయ అధ్యయనం ఆశ్చర్యపరిచే విషయం చెప్పింది. ఇక్కడ గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో 20 నేటికీ బతికే ఉన్నాయి. వీటిలో కొన్నింటి చరిత్ర 2 లక్షల ఏళ్ల వరకు వెళ్తుంది. మన దేశం నుంచి కనుమరుగైంది ఒక్క కోతి జాతే. దాని దగ్గరి బంధువు గెలడా ఇప్పుడు ఇథియోపియాలో మాత్రమే ఉంది.

అమెరికా, ఆస్ట్రేలియాల్లో పెద్ద జంతువులు ఎన్నో అంతరించిపోతే, ఇక్కడ ఎలా నిలిచాయి? అడవులు, గడ్డిమైదానాలు ఒకదానితో ఒకటి కలిసి ఉండటమే కారణమని పరిశోధకుల అంచనా. ఒకచోట కరువొస్తే జంతువులు మరోచోటికి వెళ్లిపోయేవి.

ఇప్పుడా దారులే తెగిపోతున్నాయి. పక్కనే ఉన్న నల్లమల పులులు శేషాచలం వైపు వెళ్లాలన్నా రోడ్లు, ఊళ్లు, పొలాలు దాటాల్సిందే. వాతావరణ మార్పులనే తట్టుకున్న జంతువులు, దారి లేకపోతే మాత్రం తట్టుకోలేవు.

అందుకే ఈ గుహలకు వెళ్తే ఒక్కటి గుర్తుంచుకోండి. నిధి ఉందనో, జ్ఞాపకంగా ఉంటుందనో మట్టిని కదపొద్దు. పొరలు ఒక్కసారి కలిసిపోతే ఏ ఎముక ఏ కాలానిదో చెప్పడం ఇక కష్టమే.